నాలుగో నంబరు మూత

ఆశా అక్క తప్పు చేయలేదు. తప్పు నాది. ఈ మాట ముందే రాసేస్తున్నాను. ఎందుకంటే ఐదేళ్ళుగా ఎప్పుడు చెప్పబోయినా, ముందు నా ఇబ్బందులన్నీ చెప్పుకుంటూ వచ్చి, అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి అలసిపోయి ఆగిపోయేవాణ్ణి. మా ఆవిడకు కూడా సగమే చెప్పాను. మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను.

అప్పట్లో నేను వనపర్తిలో ఒక ప్రయోగశాలలో పనిచేసేవాణ్ణి. పేరుకు ప్రయోగశాల. అద్దెకు తీసుకున్న రెండు గదులు, కింద ఎరువుల దుకాణం. ఎండాకాలం యూరియా వాసన మెట్లెక్కి వచ్చి మా గదుల్లో కూర్చునేది. నా ఇల్లు నాగర్‌కర్నూల్‌లో. పొద్దున ఏడింటి బస్సుకు వచ్చేవాణ్ణి, సాయంత్రం ఐదున్నర బస్సుకు తిరిగి పోయేవాణ్ణి. అది తప్పితే తర్వాతి బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. నడుము నొప్పి అప్పుడే మొదలైంది. బస్సులో సీటు దొరుకుతుందా లేదా అన్న ఆలోచన మధ్యాహ్నం మూడింటి నుంచే నా తలలో తిరుగుతుండేది.

మా పని పుట్టుచెవుడు ఉన్న పిల్లల కుటుంబాల నుంచి డీఎన్‌ఏ తీయడం. ఆ చెవుడు వంశంలో ఎటునుంచి వస్తోందో తెలుసుకోవాలని ఒక పెద్ద డాక్టరమ్మ చేపట్టిన అధ్యయనం అది. ఆమెను మేమందరం మేడం అనేవాళ్ళం. రక్తం తీయనక్కర్లేదు. దూది చుట్టిన పుల్లతో బుగ్గ లోపల ముప్పై లెక్కపెట్టేదాకా రుద్దితే చాలు, చర్మకణాలు దూదికి అంటుకుంటాయి. ఆ దూదిని ట్యూబులో వేసి, కణాలను చీల్చే ద్రవం పోసి, తెల్లారేదాకా వేడినీళ్ళ తొట్టిలో ఉంచాలి. మర్నాడు ఆల్కహాలు కలిపి, అడుగున జల్లెడ ఉన్న చిన్న గొట్టంలో పోసి, యంత్రంలో గిర్రున తిప్పాలి. డీఎన్‌ఏ జల్లెడకు పట్టుకుంటుంది, మిగతా మురికంతా కిందికి పోతుంది. రెండుసార్లు కడిగి చివరికి నాలుగు చుక్కల ద్రవంలోకి దింపుకోవాలి. ఇంతా చేస్తే చేతికి వచ్చేది చూడటానికి నీళ్ళే. పండు ముసలిదైనా, పసిపిల్లదైనా ఒకేలా ఉంటుంది. అది ఎవరిదో చెప్పేది దాని మీద రాసిన నంబరు ఒక్కటే.

ఆ నంబరు ట్యూబు ఒంటి మీదా రాయాలి, మూత మీదా రాయాలి. నియమం అది. కానీ ఒంటి మీద అతికించిన కాగితం వేడినీళ్ళలో నాని ఊడిపోయేది. పెన్నుతో రాస్తే స్పిరిటు తగిలి చెరిగిపోయేది. రెండు మూడుసార్లు అట్లా అయ్యాక నేను ఒంటి మీద రాయడం మానేశాను. ట్యూబులు స్టాండులో వరుసగా ఉంటాయి, మూతలు తీసి తువ్వాలు మీద అదే వరుసలో పెడతాను, ఇంకెక్కడికి పోతాయి అనుకునేవాణ్ణి. అప్పటికి పదిహేడేళ్ళ అనుభవం నాది. కొత్తవాడైతే భయపడి రెండుచోట్లా రాసేవాడు.

నా తప్పు వల్ల దెబ్బతిన్న కుటుంబం ఉండేది ధరూర్ వైపు ఒక ఊళ్ళో. గద్వాల దాకా బస్సు, అక్కడి నుంచి షేర్ ఆటో. ఊళ్ళో మాకు దారి చూపింది ఆశా అక్క. ఆ ఊరి ఆశా కార్యకర్త. నా ఈడుదే, ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ. అప్పటికే ఊళ్ళో ఒక మాట పుట్టింది, పట్నపోళ్ళు ఉమ్మి పట్టుకుపోయి ఏదో చేస్తారని. అందుకని ఆమె ప్రతి ఇంట్లో ముందు తన బుగ్గ తనే రుద్దుకుని చూపించేది.

"సూడుండ్రి, నాకేమన్న అయ్యిందా? పొద్దుగాల్నుంచి రుద్ది రుద్ది నా బుగ్గలే అరిగిపోయినయి," అనేది.

"నీ బుగ్గలు అరిగితే మీ ఆయన లొల్లి జేస్తడు గదనే," అని ఎవరో ఒకరు అనేవారు. నవ్వు మొదలైతే పని అయిపోయేది.

నేను చెప్పదలచిన ఇంట్లో నలుగురే. వేరుశనగ వేసుకునే రైతు, అతని భార్య, ఆరేళ్ళ పాప, ముసలమ్మ. పాపకు పుట్టినప్పటి నుంచి వినపడదు. ఆ భార్యాభర్తలది మేనరికం, ఆమెను సొంత మేనమామకే ఇచ్చారు. అంటే ఆ ముసలమ్మ ఆమెకు అత్త, అంతకంటే ముందు అమ్మమ్మ. చిట్టాలో తండ్రి ఒకటో నంబరు, తల్లి రెండు, ముసలమ్మ మూడు, పాప నాలుగు.

ముసలమ్మ ఆకూవక్కతో తంబాకు నమిలే మనిషి. నోరు శుభ్రంగా లేకపోతే దూదికి ఆ రంగు పట్టేస్తుంది. ఆశా అక్క చెంబు తెచ్చి చేతిలో పెట్టింది.

"ముసలమ్మా, పుక్కిలించు."

"పొద్దుగాలనే కడుక్కున్న."

"కడుక్కుంటే గా రంగేంది? ఉమ్ము."

"ఓ పిల్లా, నలభై ఏండ్ల తంబాకు ఒక్క చెంబు నీళ్ళకు పోతదానే?"

"మూడు చెంబులకన్న పోతదేమో సూద్దాం పట్టు."

మూడుసార్లు పుక్కిలించింది. తర్వాత అరగంట ఆగాం. అయినా దూది గోధుమరంగుకు తిరిగే వచ్చింది. ఆశా అక్క చిట్టా తీసుకుని, ముసలమ్మ పేరు పక్కన ఖాళీలో రాసింది: "మూడుసార్లు పుక్కిలించింది. అరగంట ఆగినం. తంబాకు రంగు పోలేదు." అట్లా రాయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మా దగ్గరి చిట్టాలలో అంత శ్రద్ధగా రాసింది ఇంకొకటి లేదు.

మేం సామాను సర్దుకుంటుంటే పాప తల్లి గుమ్మం దగ్గర నిలబడి నన్ను అడిగింది: "సారూ, మీ రిపోర్టుల ఎవరి దిక్కునుంచి వచ్చిందో ఎరుకైతదా?"

"నా దిక్కుకెళ్ళి అయితే గాదు," అంది ముసలమ్మ. "మా ఇంట్ల అందరికి సక్కగ ఇనొస్తది."

ఆశా అక్క నవ్వింది. "నీ ఇల్లు, ఆమె ఇల్లు ఏరేరానే ముసలమ్మా? నీ కోడలు నీ బిడ్డకు పుట్టిందే గద. ఎటు తిట్టినా తిరిగి నీకే తగుల్తది."

అందరూ నవ్వారు. పాప తల్లి మాత్రం నవ్వలేదు. ఆరేళ్ళుగా ఆ మాట పడుతున్న మనిషి ఆమె. ఆశా అక్క అది చూసింది. ఆమె భుజం మీద చెయ్యి వేసి, "రిపోర్టు రానీ, నేనే తెచ్చి నీ చేతుల వెడత," అంది. ఆటో దాకా నాతో నడుస్తూ, "ఈమె కాన్పుకు గద్వాల దవాఖానకు నేనే తీస్కపోయిన సారూ. ఆ పిల్లను మొదాలు ఎత్తుకున్నది నేనే," అని చెప్పింది. అప్పుడు ఆ మాట నేను పెద్దగా పట్టించుకోలేదు.

నాలుగు రోజుల తర్వాత ఆ ట్యూబులు నా బల్ల మీదికి వచ్చాయి. ఒక్కొక్కరి దగ్గర రెండేసి పుల్లలు తీసేవాళ్ళం. ఒక వరుస పనికి, రెండో వరుస ఫ్రీజరులోకి, అవసరమైతే ఉంటుందని. ఆ సాయంత్రం పని వరుసలోని మూతలన్నీ తీసి తువ్వాలు మీద పెట్టి ద్రవం పోశాను. మూడో ట్యూబులో ద్రవం దూదికి తగలగానే చాయ్ డికాషన్‌లా మారింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఈ రంగు తర్వాతి పనికి అడ్డం పడుతుందా అని చూద్దామనుకుని, ఆ ట్యూబునూ, పోల్చుకోవడానికి పక్కనే ఉన్న నాలుగోదాన్నీ తీసుకుని కిటికీ దగ్గరికి పోయాను. వెలుతురులో రెండూ పక్కపక్కన పట్టుకుని చూస్తున్నాను. కింద నుంచి ఎరువుల దుకాణం ఆయన నన్ను చూసి కేకేశాడు.

"సారూ, ఐదుంబావు దాటింది! ఇయ్యాల నీ బస్సు నిన్ను ఇడిసిపెట్టి పోతది!"

అంతే. కరెంటు కూడా అప్పుడే వచ్చింది. గబగబా వచ్చి రెండు ట్యూబులనూ ఖాళీగా ఉన్న రెండు రంధ్రాల్లో దించాను. మూతలు వరుసగా బిగించాను. తొట్టిలో పెట్టి, మీట వేసి, మెట్లు దిగాను. బస్సు దొరికింది. సీటు కూడా దొరికింది. ఆ రోజు అదృష్టం బాగుందనుకున్నట్టు గుర్తు.

మర్నాడు తొట్టిలోంచి తీసి చూస్తే డికాషన్ రంగు నాలుగో నంబరు మూత కింద ఉంది. మూడో నంబరు మూత కింద ఉన్నది తేటగా ఉంది.

నేను చూశాను. చూడలేదని చెప్పడానికి వీల్లేదు. ఆరేళ్ళ పిల్ల తంబాకు నమలదు. చిట్టాలో ముసలమ్మ పేరు పక్కన ఆశా అక్క రాసిన వాక్యం నా ఎదురుగానే ఉంది. అయినా, పిల్ల ఏ నేరేడు పండో తిని ఉంటుందిలే అనుకున్నాను. అది నేరేళ్ళ కాలం కాదు.

అప్పుడు చేయాల్సింది చాలా చిన్న పని. ఆ రెండింటినీ పారేసి, ఫ్రీజరులోని రెండో వరుస నుంచి మళ్ళీ మొదలుపెట్టడం. ఒక రోజు ఎక్కువ పడుతుంది. కానీ పొరపాట్ల పుస్తకంలో రాయాలి, మేడం సంతకం పెట్టాలి. అంతకు నెల ముందే ఇంకో పొరపాటుకు ఆమె నన్ను పిలిచి, "ఇంత అనుభవం ఉండి మీరే ఇట్లా చేస్తే ఎట్లా?" అని అడిగి ఉంది. ఆ మాట ఇంకోసారి వినే ఓపిక నాకు లేకపోయింది. అంతకన్నా పెద్ద కారణం ఉంటే బాగుండేదని చాలాసార్లు అనిపించింది, ఎంత వెతికినా దొరకలేదు. ఆల్కహాలు కలిపాను, వడగట్టాను, కడిగాను. మధ్యాహ్నానికి రంగంతా కిందికి పోయింది. చివరికి రెండు ట్యూబుల్లోనూ తేట నీళ్ళు. ఇక ఎవరు చూసినా ఏమీ తెలియదు.

చెవుడు సంగతి వెతికే ముందు ఎవరు ఎవరికి పుట్టారో సరిచూస్తారు. ఆ ఫలితాలు మూడు నెలలకు హైదరాబాదు నుంచి వచ్చాయి. మేడం నన్ను పిలిచింది.

"ఈ పాప తండ్రితో సరిపోతోంది. తల్లితో సరిపోవట్లేదు," అంది. "మన దగ్గర ఏమైనా మారిందా?"

ఎందుకట్లా వచ్చిందో చెబుతాను. పాప నంబరు మీద ఉన్నది ముసలమ్మ డీఎన్‌ఏ. తల్లికీ బిడ్డకూ మధ్య సరిగ్గా సగం కలుస్తుంది. ముసలమ్మ ఆ తండ్రికి కన్నతల్లి కాబట్టి అక్కడ సగం కలిసింది. పాప తల్లికి ఆమె అమ్మమ్మ. అక్కడ కలిసేది పావు వంతే. అందుకే కాగితం మీద ఆ పిల్ల తండ్రికి పుట్టింది కానీ తల్లికి పుట్టలేదు. నిమిషం ఆలోచిస్తే నాకు అర్థమయ్యేదే. నేను ఆలోచించలేదు.

"మన దగ్గర అంతా సరిగ్గానే ఉంది మేడం," అన్నాను.

"రెండో వరుస ఉందిగా, అది చేసి చూడండి."

"మధ్యలో ఫ్రీజరు రెండు రోజులు ఆగిపోయింది మేడం. పాడైపోయాయి."

ఫ్రీజరు ఆగిన మాట నిజం, రెండు గంటలు. ఏమీ పాడు కాలేదు.

ఆ బుధవారం మేడం తనే ఊరికి బయలుదేరింది, నన్నూ రమ్మంది. బుధవారం టీకాల రోజు. ఊరి ఆరోగ్య ఉపకేంద్రం నిండా చంకల్లో పిల్లలతో ఆడవాళ్ళు. మేడం చెడ్డ మనిషి కాదు, ఆ రోజుకు అది మూడో ఊరు, ఆమె కూడా అలసిపోయి ఉంది. లేకపోతే ఆశా అక్కను పక్కకు పిలిచి అడిగేదే. అందరి ముందే అడిగేసింది.

"ఆ పాప వాళ్ళకు సొంతంగా పుట్టిన పాపేనా? పెంచుకున్నది కాదు కదా? లేకపోతే నువ్వు పుల్లలు ఎక్కడైనా మార్చేశావా?"

ఆశా అక్కకు ముందు అర్థం కాలేదు. తర్వాత ముఖం ఎర్రబడింది. "అయ్యో మేడం, కాన్పుకు నేనే తీస్కపోయిన. నా చేతుల మీదనే పుట్టింది. నేను పుల్లలు మార్చలే."

నేను డబ్బా పట్టుకుని గోడ దగ్గర నిలబడి ఉన్నాను. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు.

ఆమె తన నిజాయితీకి సాక్ష్యంగా చెప్పుకున్న మాటే ఆమె మీద పడింది. సాయంత్రానికి ఊళ్ళో మాట ఇట్లా మారింది: కాన్పుకు తీసుకుపోయింది ఆమే, దవాఖానలో పిల్లను మార్చింది కూడా ఆమేనట. ఆ ఇంటాయన ఆమెను గడప తొక్కొద్దన్నాడు. "అందుకే ఇనరాదు. మా పిల్ల అయితే ఇనొచ్చేది," అని ముసలమ్మ వాకిట్లో కూర్చుని అందరికీ చెప్పింది. ఇంకోసారి పుల్లలు తీసుకోవడానికి వాళ్ళు ఒప్పుకోలేదు. మేడం ఆ కుటుంబాన్ని అధ్యయనంలోంచి తీసేసింది. మిగిలిన ఇళ్ళకు ఆశా అక్కను పిలవొద్దని కూడా చెప్పింది.

ఇవన్నీ నాకు ఆశా అక్కే చెప్పింది, ఫోన్ చేసి. "సారూ, జర మీ దిక్కు ఒక్కపారి సూడుండ్రి. నేనైతే మార్చలే. సక్కగ రాసిచ్చిన."

"చూశాను అక్కా. ఇక్కడ అంతా సరిగ్గానే ఉంది," అన్నాను.

ఫోన్ పెట్టేశాక లేచి ఫ్రీజరు తెరిచాను. రెండో వరుసలో మూడో నంబరు ట్యూబు తీసి చూశాను. లోపల గోధుమరంగు దూది. నాలుగో నంబరులో తెల్లటి దూది. ఆమె సరిగ్గా ఇచ్చింది, సరిగ్గా రాసింది. రెండింటినీ వాటి చోట్లలోనే పెట్టి ఫ్రీజరు మూసేశాను. ఆ పైఏడాది అధ్యయనం ముగిసి గదులు ఖాళీ చేసేటప్పుడు, ఆ వరుసలన్నిటినీ పసుపు సంచుల్లో మూటగట్టి చెత్త బండికి ఎత్తింది కూడా నేనే.

ఇప్పుడు నేను నాగర్‌కర్నూల్‌లోనే ఒక రక్తపరీక్షల కేంద్రంలో పనిచేస్తున్నాను. ఇంటికి నడిచి పోయేంత దూరం. బస్సు తొందర లేదు. ట్యూబు ఒంటి మీదా, మూత మీదా, రెండుచోట్లా రాస్తాను. పక్కన పనిచేసే పిల్లలు నా చాదస్తానికి నవ్వుకుంటారు. ఇట్లాగే ఉద్యోగ విరమణ దాకా నడిచిపోయేదేమో. కానీ ఈ ఏడు ఒక పెళ్ళికి పోయి వస్తూ గద్వాల బస్టాండులో కూర్చుని ఉంటే ఎవరో ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"సారూ, గుర్తువట్టిన్రా?"

ఆశా అక్క. జుట్టు సగం తెల్లబడింది. నా పక్కన కూర్చుంది. పిల్లలేం చేస్తున్నారని అడిగింది, నడుము నొప్పి తగ్గిందా అని కూడా అడిగింది. నా నడుము నొప్పి ఆమెకు గుర్తుంది. తర్వాత సంచీ మూతి ముడి వేస్తూ, విప్పుతూ అంది:

"గా పుల్లల సంగతి ఇంక నా మతిలకెళ్ళి పోతలే సారూ. ఆలోచన జేసి జేసి, నేనే యాడ్నో మార్చిననేమో అనిపిస్తది. ఆ పొద్దు శానా ఇండ్లు తిరిగినం. ముసలామెతో పరేషానయ్యి ఒకదాంట్లది ఒకదాంట్ల వెట్టిననేమో. మేడం ముంగట మీకు గూడ మాట వచ్చే. తప్పయింది సారూ."

ఆమె నన్ను క్షమించమని అడుగుతోంది. చేయని తప్పును ఐదేళ్ళు మోసి మోసి, తనదేనని నమ్మేసింది. అప్పుడైనా చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. నాగర్‌కర్నూల్ బస్సు వచ్చింది. "పో సారూ, సీటు దొరకదు," అని ఆమే నా సంచీ అందించింది. ఎక్కాను.

ఆ తర్వాత కూడా పది రోజులు వాయిదా వేశాను. ముందు మేడంకు ఫోన్ చేశాను. ఆమె ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉంది. అంతా విని, "ఆ కుటుంబాన్ని ఎప్పుడో తీసేశాం. మా రాతల్లో దిద్దడానికి ఏమీ లేదు," అంది. తర్వాత, "ఆమెను అట్లా అందరి ముందు అడగాల్సింది కాదు నేను," అంది. తప్పు మా ప్రయోగశాలదేనని కాయితం రాసిస్తానంది, రాసి పంపింది.

ఆ కాయితం పట్టుకుని ఆశా అక్క ఇంటికి పోయాను. ఆమె చాటలో కందిపప్పు ఏరుతోంది. నిలబడే చెప్పాను. కరెంటు పోవడం, కిటికీ, మూత కింద రంగు, ఫ్రీజరు అబద్ధం, ఫోన్‌లో ఆమెకు చెప్పిన అబద్ధం, పసుపు సంచులు, అన్నీ. ఆమె ఏరడం ఆపలేదు. చెప్పడం అయిపోయాక రెండు రాళ్ళు తీసి పక్కన పడేసింది.

"అంటే నేను మార్చలే."

"లేదక్కా. నువ్వు మార్చలేదు."

"ముసలామె రంగు నేను రాసిచ్చిన గద?"

"రాశావు."

చాట కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిడితే తేలికయ్యేదేమో. క్షమించమన్నాను.

"గదంత తర్వాత," అంది. "నాకు సెప్తే ఏమొస్తది సారూ? నన్ను అడిగింది బుధవారం నాడు, అందరి ముంగట. మీరు గూడ బుధవారమే రాండ్రి."

బుధవారం పోయాను. అదే ఉపకేంద్రం, అదే గోడ. సున్నం కొత్తగా వేశారు. ఆడవాళ్ళు పదిహేను మంది దాకా ఉన్నారు, పిల్లల ఏడుపు. ఆశా అక్క పిల్లల కార్డులు చూస్తూ నా వైపు తిరగకుండానే, "ఈ సారు ఒక మాట సెప్తడంట, ఇనుండ్రి," అంది.

చెప్పాను. ఇంట్లో అద్దం ముందు రెండుసార్లు అనుకుని పోయిన మాటలు అక్కడ ఒక్కటీ గుర్తు రాలేదు. "ఆ పాప ఆ తల్లికి పుట్టిన పాపే. పుల్లలు ఈ అక్క మార్చలేదు. నేను మార్చాను. తెలిసి కూడా చెప్పలేదు," అన్నాను. కొందరు విన్నారు. కొందరు పిల్లల్ని ఓదార్చుకుంటున్నారు. ఎవరో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అప్పుడే ఇంకో ఆమె మనవణ్ణి ఎత్తుకుని వచ్చింది. "ఏమైందే? సారెవరు?"

ఆశా అక్క కార్డు మీద ఏదో రాస్తూ అంది: "మల్ల సెప్పు సారూ."

మళ్ళీ చెప్పాను. ఆమె కూర్చుంది. పావుగంటకు ఇద్దరు వచ్చారు. "మల్ల సెప్పు సారూ." కొత్తగా గుమ్మంలోకి ఎవరు వచ్చినా అదే మాట, అదే గొంతుతో. ఆమె గొంతులో కోపం లేదు. ఒక పని మొదలుపెట్టాం, పూర్తి చేయాలి అన్నట్టుంది. ఊరంతా తిరిగిన మాట ఒక్కసారి చెబితే వెనక్కి రాదని ఆమెకు తెలుసు. ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. చివరికి నర్సమ్మ నాకు కుర్చీ వేసింది.

పదకొండు దాటాక ముసలమ్మను చెయ్యి పట్టుకుని పాప తల్లి వచ్చింది. ఆశా అక్కే కబురు పంపిందట. ముసలమ్మ కళ్ళకు పొర వచ్చింది, నన్ను గుర్తుపట్టలేదు. కుర్చీలోంచి లేచి వాళ్ళకూ చెప్పాను.

"అంటే నా ఉమ్మి తీస్కపోయి నా మన్మరాలి పేరు వెట్టినవా?" అంది ముసలమ్మ. "మూడు చెంబుల నీళ్ళు దండుగ జేయించిరి గద నాతో! గందుకే నేను ఒద్దంటి." తర్వాత ఆశా అక్క ఉన్న వైపు తిరిగి, "నిన్ను శానా మాటలంటినే పిల్లా," అంది చిన్నగా.

పాప తల్లి నన్నే చూస్తోంది. "అది నా బిడ్డ అని నువ్వు సెప్పాల్నా సారూ? కన్నదాన్ని నేను. నాకు తెల్వదా? మరి చెవుల సంగతేంది? ఎవరి దిక్కుకెళ్ళి వచ్చింది?" అంది.

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. దానికి జవాబు వెతుక్కుంటూనే బస్సులో వచ్చాను.

"తెలియదమ్మా. ఆ రెండో వరుస పుల్లలను పరీక్ష చేయకుండానే పారేశాను. అవి ఉంటే తెలిసేది."

ఆమె తల ఊపింది. కొంగుతో ముసలమ్మ మూతి తుడిచి బల్ల మీద కూర్చోబెట్టింది. మా మేడం రాసిన కాయితం ఇస్తే మడత విప్పకుండానే జాకెట్టులో పెట్టుకుంది.

పన్నెండింటికి వాళ్ళను బండి మీద తీసుకుపోవడానికి ఇంటాయన వచ్చాడు. లోపలికి రాలేదు. ఐదేళ్ళుగా ఆశా అక్క ఉన్నచోటికి రాడట. గుమ్మం బయటే బండి ఆపుకుని నిలబడ్డాడు.

"మల్ల సెప్పు సారూ," అంది ఆశా అక్క.

నేనే బయటికి పోయాను. ఎండలో నిలబడి చెప్పాను. ఆయన చివరిదాకా విన్నాడు. నన్ను కొట్టినా కొట్టేవాడే, బండి పిడి మీద చెయ్యి బిగుసుకోవడం చూశాను. తర్వాత తువ్వాలుతో ముఖం తుడుచుకుని, చెప్పులు విడిచి, గుమ్మం దాటి లోపలికి పోయాడు. ఆశా అక్క ముందు నిలబడ్డాడు. ఆమె కార్డుల మీంచి తల ఎత్తలేదు.

"అక్కా," అన్నాడు. "అమ్మకు కండ్ల పొర ముదిరింది. రేపు గద్వాల దవాఖానకు తీస్కపోవాలె. ఆడ మాకేం తెల్వది. నువ్వు వస్తవా?"

ఆశా అక్క వేలు కార్డు మీదే ఆగింది.

"రేపు గాదు. రేపు నాకు మీటింగుంది," అంది. "ఎల్లుండి పొద్దుగాల ఏడు గొట్టంగ తయారుండుండ్రి. ముసలమ్మకు తంబాకు ఇయ్యకుండ్రి."

తర్వాత గుమ్మంలో నిలబడ్డ నా వైపు చూసి, ఇక ఉండనక్కర్లేదన్నట్టు తల ఊపి, తర్వాతి పిల్లను పిలిచింది.